మొబైల్ ఆటల్లో ముఠాలు... న్యాయం చెప్పేదెవరు?

నంద్యాల, ఆళ్లగడ్డ కుర్రాళ్ల ఫోన్లలో ఇప్పుడు స్క్వాడ్‌లు, క్లాన్‌లు, గిల్డ్‌లు అనే జట్లు ఉన్నాయి. ఓడినవాడి గోడు వినే ఏర్పాటు లేకపోతే జట్టు ముఠాగా మారుతుందని ఈ నేలకు బాగా తెలుసు. ఆ అనుభవంతో చూస్తే ఆన్‌లైన్ ఆటల్లో న్యాయం సంగతి చిన్న విషయం కాదు.

‘గోడ వెనకాల ఉండేవాణ్ణి ఎట్ల కొడ్తివి అన్నా?’

ఆన్‌లైన్ ఆటల్లో గొడవ చాలాసార్లు ఈ ప్రశ్నతోనే మొదలవుతుంది. బీజీఎంఐ లాంటి ఆటలో వందమంది దాకా ఒక దీవి మీద దిగుతారు. నలుగురేసి ఒక స్క్వాడ్. ఆయుధాలు ఏరుకుంటూ, నక్కుతూ, కాల్చుకుంటూ పోతే చివరిదాకా మిగిలిన స్క్వాడ్‌దే గెలుపు. అంతసేపూ ఊపిరి బిగబట్టి ఆడిన కుర్రాడు గోడచాటున కూర్చుని ఉండగా ఎక్కడినుంచో తూటా వచ్చి తగులుతుంది. తనను కొట్టినవాడి వైపు నుంచి ఆ దృశ్యాన్ని మళ్లీ చూస్తే, తాను బయటికి రాకముందే గురి సరిగ్గా తన తల ఉన్నచోట గోడమీద ఆగి ఉంటుంది. ‘హ్యాక్ వాడినావు’ అని ఇతడంటాడు. ‘ఆడేది రాక నన్నంటావా’ అని అతడంటాడు.

అక్కడితో ఆగితే ఆట. ఆగదు. స్క్రీన్ రికార్డింగు రెండు వాట్సాప్ గ్రూపుల్లోకి పోతుంది. ఆ ఆట ఆడనివాళ్లు కూడా వాదనలోకి దిగుతారు. మొదట ఆటగాడి పేరు, తర్వాత ఊరి పేరు, ఆ తర్వాత కులం, చివరికి ఇంట్లో ఆడవాళ్ల ప్రస్తావన. ఆటలో మొదలైన మాట బస్టాండు దగ్గర ‘చూసుకుందాం’ అనేదాకా రావడానికి ఎంతోసేపు పట్టదు.

ఫిర్యాదులు కూడా ఒక్క రకం కాదు. గోడల వెనక మనుషులను చూపించే వాల్‌హ్యాక్, గురి తానే కుదుర్చుకునే ఎయిమ్‌బాట్ లాంటివి ఒక రకం. పైకి శత్రువులుగా దిగి లోపల చేతులు కలిపి మూడో జట్టును మట్టుపెట్టే టీమింగ్ ఇంకో రకం. ఎదుటివాడు యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారం ఇస్తుంటే దాన్ని చూసి అతడున్న చోటు పసిగట్టడం మరొకటి. పెద్ద ర్యాంకు ఆటగాడు కొత్త ఖాతా తెరిచి పిల్లకాయల మధ్య దూరడం, కస్టమ్ రూమ్ (సొంతంగా తెరిచే పోటీ గది) పెట్టినవాడు స్నేహితులకే స్లాట్లు ఇవ్వడం, గెలిచినవాళ్లకు చెప్పిన బహుమతి ఇవ్వకుండా గ్రూపులోంచి తీసేయడం కూడా ఉన్నాయి.

మోసం కొత్తది కాదు, ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. మోసపోయానన్నవాడు ఎవరి దగ్గరికి పోవాలి, విన్నవాడు ఏ ఆధారంతో తీర్పు చెప్పాలి, ఆ తీర్పును రెండు పక్షాలూ ఎందుకు ఒప్పుకోవాలి అన్న మూడు ప్రశ్నలకూ మన దగ్గర సమాధానం లేకపోవడమే అసలు చిక్కు.

సీమకు తెలిసిన సంగతి

నంద్యాల నుంచి 40వ నంబరు జాతీయ రహదారి మీద పోతే గంటలోపే ఆళ్లగడ్డ. నవనందుల ఊరు నంద్యాల. శిల్పుల ఉలి చప్పుడు వినిపించే ఊరు ఆళ్లగడ్డ. ఇంకాస్త ముందుకు పోతే అహోబిలం. దత్తమండలాలు అని పిలుచుకున్న ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు ఖాయమైంది 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలోనే. చిలుకూరి నారాయణరావు ఆ పేరు సూచించారు. ఇంత చరిత్ర ఉన్న నేలను బయటివాళ్లు ఫ్యాక్షన్ అన్న ఒక్క మాటతో గుర్తుపట్టడం ఇక్కడివాళ్లకు బాధ.

అయినా ఆ అనుభవాన్ని దాచుకోనక్కర్లేదు. దానిలోంచి నేర్చుకోవలసింది ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికి ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. పన్ను వసూలు చేసేదీ, కావలి కాసేదీ, తగవు తీర్చేదీ వాళ్లే. 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో వాళ్ల అధికారాన్ని అణచివేశాడు. పాలెగాళ్లు పోయినా తగవు తీర్చే పెద్దరికం ఊళ్లలో బలవంతుల గడపల దగ్గరే చాలాకాలం నిలిచిపోయింది.

ఫ్యాక్షన్ ఊళ్లో బతికినవాళ్లను కదిలిస్తే దాని పనితీరు చెబుతారు. ఊరు రెండుగా చీలుతుంది. నేను ఎవరి పక్షమూ కాను అన్నవాడికి చోటుండదు. గట్టు తగాదా, కాలువ నీళ్ల వంతు, మురుగు కాలువ, పంచాయతీ కాంట్రాక్టు, ఏది వచ్చినా మనిషి తన పక్షం నాయకుడి ఇంటికే పోతాడు. అక్కడ చూసేది ఎవరిది తప్పు అన్నది కాదు, ఎవరు మనవాళ్లు అన్నది. వీళ్లు కేసు పెడితే వాళ్లు కౌంటర్ కేసు పెడతారు. కోర్టుకు వచ్చేసరికి సాక్షులు ఎదురు తిరుగుతారు. నిజం ఏమిటన్నది ఎక్కడా నమోదు కాదు. నమోదు కాని నిజం కక్షగా మిగిలి తర్వాతి తరానికి అందుతుంది. జైళ్లకు పోయినవాళ్లు, పొలం బీడు పెట్టుకున్నవాళ్లు, బొట్టు చెరుపుకున్నవాళ్లు కట్టిన మూల్యం అది.

ఈ బతుకును సినిమా వేరే రకంగా చూపించింది. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’ వచ్చాయి. సుమోలు, కత్తులు, తొడగొట్టడాలు తెర మీద వీరత్వమయ్యాయి. కక్షలు ఆపాలనుకునే కథానాయకుడితో ‘అరవింద సమేత’ 2018లో వచ్చింది. కత్తిపట్టిన నాయకుణ్ణి చూసి ఈలలు వేసిన తరం పిల్లలే ఇప్పుడు ఫోన్లలో జట్లు కడుతున్నారు. వాళ్లకు సినిమా నేర్పిన పౌరుషం కంటే, ఊళ్లు చెల్లించిన మూల్యం తెలియడం అవసరం.

క్లాన్ పెద్ద తన క్లాన్‌వాణ్ణి తప్పు చేసినా వెనకేసుకొస్తే, ఎదుటి క్లాన్ మీద యాభైమంది కలిసి గంపగుత్తగా రిపోర్టులు కొడితే, ఆధారం చూపించిన మధ్యస్థుణ్ణి ‘నువ్వు వాళ్ల మనిషివి’ అంటే, ఆ రోగం ఇక్కడివాళ్లకు చిరపరిచితమే. తూటాలు ఉత్తుత్తివి కావచ్చు. పక్షపాతం మాత్రం అసలైనది.

ఎద్దు పళ్లు చూసిన తర్వాతే కాడి

అయితే ఈ నేలమీదే న్యాయంగా సాగే పోటీ ఒకటి కళ్లముందు ఉంది. తిరునాళ్లలో, పండగల్లో జరిగే బండలాగుడు. పోటీకి వచ్చిన ఒంగోలు జాతి ఎద్దుల నోరు తెరిచి ముందు పళ్లు లెక్కపెడతారు. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు, సీనియర్లు వేరు. ఏ విభాగానికి ఎంత బరువు బండ, ఎన్ని నిమిషాల గడువు అన్నది ముందే చెబుతారు. గడువు ముగిశాక బండ ఎంత దూరం కదిలిందో వందలమంది చూస్తుండగా టేపుతో కొలిచి, అడుగులు అంగుళాలతో సహా మైకులో చదువుతారు.

పక్కపక్క ఊళ్ల మధ్య ఎంత పట్టుదల ఉన్నా ఆ కొలతను సాధారణంగా ఒప్పుకుంటారు. అందరూ సాధుపుంగవులు కావడం వల్ల కాదు. నియమం పోటీకి ముందే తెలుసు, కొలత అందరి ఎదుటే జరిగింది, కొలిచినవాడికి ఎద్దులు లేవు. పెద్ద ర్యాంకు ఆటగాడు కొత్త ఖాతాతో చిన్నవాళ్ల పోటీలో దూరడం సీనియర్ ఎద్దును రెండు పళ్ల విభాగంలో కట్టడమే. ఎద్దు విషయంలో ఒప్పుకోని పనిని ఫోను విషయంలో ‘తెలివి’ అని మెచ్చుకోవడం తగదు.

ఆట నడిపేవాడే ఒక పక్షమైతే?

పోటీ పడేవాళ్లు మోసం చేస్తే నిర్వాహకుడికి చెప్పుకుంటాం. నిర్వాహకుడే ఒక పక్షం మనిషి అయితే? ఆన్‌లైన్ ఆటల చరిత్రలో ఈ ప్రశ్నను అందరికంటే గట్టిగా ఎదుర్కొన్నది ‘ఈవ్ ఆన్‌లైన్’. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్‌లోని సీసీపీ అనే సంస్థ 2003లో దీన్ని విడుదల చేసింది. అంతరిక్షంలో నడిచే ఈ ఆటలో వేలమంది కూటములుగా ఏర్పడి ఓడలు కట్టుకుంటారు, వ్యాపారాలు చేస్తారు, నెలల తరబడి యుద్ధాలు చేస్తారు. మోసగించడం, గూఢచర్యం కూడా ఆ ఆటలో అనుమతించిన ఎత్తుగడలే. 2014 జనవరిలో బీఆర్‌5ఆర్‌బీ అనే చోట జరిగిన ఒక్క పోరులో ధ్వంసమైన ఓడల విలువ అసలు డబ్బులోకి మారిస్తే సుమారు 3 లక్షల డాలర్లని లెక్కగట్టారు.

అలాంటి ఆటలో అప్పట్లో బలమైన కూటమి ‘బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్’. దానికి బద్ధశత్రువు ‘గూన్‌స్వార్మ్’. సంస్థ ఉద్యోగులే లోపల బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్‌కు సాయం చేస్తున్నారని ఎదుటి పక్షంవాళ్లు ఆరోపిస్తూ వచ్చారు. 2007 ఫిబ్రవరిలో అందులో నిజం ఉందని తేలింది. ఆ కూటమిలో ఆడుతున్న సీసీపీ ఉద్యోగి ఒకడు ఎంతో అరుదైన తయారీ నమూనాలను తన పక్షానికి అందించినట్టు ఒప్పుకున్నాడు. శత్రువు మోసం చేస్తే తట్టుకున్న ఆటగాళ్లు, అంపైరే మోసం చేసేసరికి తట్టుకోలేకపోయారు.

తర్వాత సీసీపీ రెండు పనులు చేసింది. సొంత ఉద్యోగుల నడవడిని కనిపెట్టే అంతర్గత విచారణ విభాగాన్ని పెట్టింది. 2008లో ఆటగాళ్లు ఓటేసి ఎన్నుకునే ప్రతినిధుల మండలిని ఏర్పాటు చేసింది. శత్రు కూటముల నుంచి గెలిచినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఆట గురించి సంస్థతో మాట్లాడే పద్ధతి అలా మొదలైంది. ఆ మండలికి శిక్షలు వేసే అధికారం లేదు. అయినా ఆటగాడి మాట సంస్థ చెవిన పడేందుకు బహిరంగమైన దారి ఏర్పడింది. ఒక్క ఉద్యోగి చేసిన తప్పు పోగొట్టిన నమ్మకాన్ని మళ్లీ కూడగట్టడానికి అంత ఏర్పాటు కావలసి వచ్చింది.

మన ఊరి కస్టమ్ రూమ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. రూమ్ తెరిచినవాడే ఒక స్క్వాడ్‌లో ఆడుతూ, పాయింట్లు లెక్కేస్తూ, ఫిర్యాదు వింటూ ఉంటే అతడు ఎంత నిజాయితీపరుడైనా ఓడినవాడు నమ్మడు. నమ్మనక్కర్లేదు కూడా.

ఒకే టోర్నమెంటు... రెండు తీర్పులు

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ చదరంగంలో ఉంది. కరోనా కాలంలో, 2020 జులై నుంచి ఆగస్టు వరకు అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే మొదటి ఆన్‌లైన్ ఒలింపియాడ్ నిర్వహించింది. ఎవరిళ్లలో వాళ్లు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడారు. ఆరు బోర్డుల మీద పోటీ. భారత జట్టులో మన తెలుగువాళ్లు కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ ఉన్నారు.

ఆగస్టు 28న క్వార్టర్ ఫైనల్లో భారత్‌కు ఆర్మేనియా ఎదురైంది. మన నిహాల్ సరీన్‌తో ఆడుతున్న ఆర్మేనియా కుర్రాడు హైక్ మార్టిరోస్యాన్‌కు కనెక్షన్ తెగి ఆట చేజారింది. తప్పు మా ఇంటర్నెట్‌ది కాదని ఆర్మేనియా అప్పీలు చేసింది. నిర్వాహకులు తోసిపుచ్చారు. నిరసనగా ఆర్మేనియా రెండో మ్యాచ్ ఆడకుండా తప్పుకుంది. భారత్ ముందుకు సాగింది. 29న పోలండ్‌తో సెమీఫైనల్ చివరి నిర్ణాయక ఆటలో హంపి గెలిచి మనల్ని ఫైనల్‌కు చేర్చింది.

30న రష్యాతో ఫైనల్. మొదటి మ్యాచ్ 3-3తో సమం. రెండో మ్యాచ్ జరుగుతుండగా ప్రపంచంలో చాలాచోట్ల ఇంటర్నెట్ దెబ్బతింది. నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్ కనెక్షన్ తెగి, గడియారం అయిపోయి ఓడినట్టు నమోదైంది. ఈసారి అప్పీలు చేసింది భారత్. అప్పీళ్ల కమిటీ ఆధారాలు పరిశీలించినా ఏకాభిప్రాయానికి రాలేదు. ఫిడే అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ రెండు జట్లకూ స్వర్ణం ప్రకటించారు.

మనవాళ్లకు స్వర్ణం వచ్చినందుకు సంతోషించాం. కానీ న్యాయం గురించి మాట్లాడేటప్పుడు ఆర్మేనియా వైపు నుంచి కూడా చూడాలి. రెండు రోజుల తేడాలో కనెక్షన్ తెగిన రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకటి తోసిపుచ్చారు, ఇంకొకదానికి పతకం దక్కింది. ఒకచోట సమస్య ఒక్క ఆటగాడిది, మరోచోట అనేక దేశాలది అన్న తేడా ఉంది. ఆ తేడా తీర్పును సమర్థించగలదు కూడా. అయినా ఇంటర్నెట్ పెద్ద ఎత్తున పడిపోతే ఏం చేయాలో పోటీకి ముందే స్పష్టంగా రాసి, అందరికీ చెప్పి ఉంటే ఎవరి మనసులోనూ ముల్లు మిగిలేది కాదు. దెబ్బ తగిలిన తర్వాత రాసిన నియమం ఎంత ఉదారమైనదైనా, అది దక్కనివాడికి అన్యాయంగానే కనిపిస్తుంది.

నంద్యాల కుర్రాడికి ఇది దూరపు సంగతి కాదు. కరెంటు పోతుంది, టవరు సిగ్నలు పడిపోతుంది, పింగ్ (సంకేతం చేరే ఆలస్యం) ఒక్కసారిగా పెరుగుతుంది. సిగ్నలు పోతే ఆట మళ్లీ ఆడించాలా, ఎన్ని నిమిషాలు ఆగాలి, ఎంతమందికి పోతే రద్దు చేయాలి? ఇవి మొదటి తూటా పేలకముందే తేలాల్సిన విషయాలు.

పేర్లు తీసేస్తే నిజం కనబడుతుంది

తీర్పు ఎవరు చెప్పాలన్న దాని మీద ప్రపంచంలో రకరకాల ప్రయోగాలు జరిగాయి. ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ తయారీదారు రయట్ గేమ్స్ 2011లో ‘ట్రైబ్యునల్’ పెట్టింది. బూతులు తిట్టినవాళ్లు, కావాలని ఆట చెడగొట్టినవాళ్ల కేసులను తోటి ఆటగాళ్ల ముందుంచి ఓటు వేయించేది. 2014 నాటికి దాన్ని నిలిపేసింది. శిక్ష పడేసరికి ఆలస్యం కావడం దాని పెద్ద లోపాల్లో ఒకటి. తప్పు చేసిన వారాల తర్వాత పడే శిక్ష దేనికి పడిందో తప్పు చేసినవాడికే గుర్తుండదు.

‘కౌంటర్ స్ట్రైక్’ నడిపే వాల్వ్ సంస్థ 2013లో ‘ఓవర్‌వాచ్’ అనే పద్ధతి తెచ్చింది. అనుభవమున్న ఆటగాళ్లకు అనుమానితుడి ఆట వీడియో చూపించేది. అందులో అతడి పేరు కనబడేది కాదు, మిగతావాళ్ల పేర్లూ కనబడేవి కావు. చూసేవాడికి ఇతడు మనవాడా పరాయివాడా అన్నది తెలిసే దారే ఉండేది కాదు. మిగిలేది ఆట ఒక్కటే. పక్షాలుగా చీలిన చోట ఇంతకంటే మేలైన పద్ధతి లేదు. ఆళ్లగడ్డ స్క్వాడ్ మీద ఫిర్యాదు వస్తే, పేర్లు చెరిపేసిన వీడియోను రెండు ఊళ్లకూ సంబంధం లేని ముగ్గురికి చూపించవచ్చు. దీనికి ఖర్చు లేదు, కాస్త ఓపిక చాలు.

గంపగుత్త రిపోర్టుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఫిర్యాదును ఆయుధంగా వాడటం కౌంటర్ కేసు లాంటిదే. రిపోర్టులు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టే పద్ధతి పెద్ద ముఠాకు లాభం, ఒంటరి ఆటగాడికి శాపం. తలలు లెక్కపెట్టకూడదు, ఆధారం చూడాలి. అబద్ధపు ఫిర్యాదు పెట్టినట్టు రుజువైతే దానికీ శిక్ష ఉండాలి.

మోసం చేసినవాడి వల్ల సాటివాళ్లు ఎంత నష్టపోతారో 2018 అక్టోబరులో మన దేశం చూసింది. షాంఘైలో కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆడుతున్న ఆప్టిక్ ఇండియా జట్టు సభ్యుడి కంప్యూటర్లో గురి కుదిర్చే దొంగ సాఫ్ట్‌వేర్ దొరికింది. మామూలు వర్డ్ ఫైలులా కనబడేట్టు దానికి పేరు పెట్టుకున్నాడు. నిర్వాహకులు అక్కడికక్కడే జట్టును తప్పించారు. ఆ తర్వాత జట్టే రద్దయింది. అతడిపై ఐదేళ్ల నిషేధం పడింది. మిగిలిన నలుగురి కష్టం కూడా అతడితోపాటే పోయింది. మనవాణ్ణి కాపాడుకోవడం పౌరుషం అనుకునే క్లాన్ పెద్దలు ఈ నలుగురిని గుర్తుపెట్టుకోవాలి. దొంగను వెనకేసుకొచ్చినవాడు నిజానికి తన జట్టుకే ద్రోహం చేస్తున్నాడు.

చట్టం ఏమంటోంది?

చాలామందికి తెలియని విషయం, ఫిర్యాదు వినడం ఆన్‌లైన్ సంస్థల దయాదాక్షిణ్యం కాదు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం మధ్యవర్తి వేదికలు ఫిర్యాదుల అధికారిని పెట్టాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి, నిర్ణీత గడువులో పరిష్కరించాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన అప్పిలేట్ కమిటీకి పోవచ్చు. ఈ కమిటీలు 2023 నుంచి పనిచేస్తున్నాయి. గ్రూపుల్లో బెదిరింపులు, బూతు వీడియోలు, మార్ఫింగ్ ఫొటోలు వస్తే స్క్రీన్‌షాట్లు దాచుకుని ఈ దారిలో పోవాలి, ఎదురు బూతులతో కాదు.

డబ్బు విషయం వేరు. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, సరదా ఆటలను ప్రోత్సహిస్తూనే డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడలేదు. అలాంటి ఆట నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఆన్‌లైన్ ఆటల మీద ఫిర్యాదులు చూసే ప్రాధికార సంస్థకూ ఈ చట్టం చోటిచ్చింది. తలా యాభై, వంద వసూలు చేసి కస్టమ్ రూములు నడిపే కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. పందెం డబ్బు పోయిందని బాధపడేవాడు ఎక్కడా గట్టిగా ఫిర్యాదు చేయలేడు. అందుకే అలాంటి చోట్ల న్యాయం మళ్లీ బలవంతుడి చేతికే పోతుంది.

ఖాతా దొంగిలించి డబ్బు కాజేస్తే 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలి. బెదిరింపులు వీధిలోకి వస్తే ఆటగా తీసుకోకుండా పోలీసులకు చెప్పాలి. ప్రతి సోమవారం కలెక్టరేట్లలో, ఎస్పీ కార్యాలయాల్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ రాసుకుని, రశీదు తీసుకుని, గడువు అడిగే అలవాటు పెద్దల నుంచి పిల్లలకు అందవలసిన విలువైన అలవాటు.

మాట్లాడలేని ఆటగాళ్లు

ఈ ఆటల్లో గొంతు విప్పలేనివాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు ఆడపిల్లలు. వాయిస్ చాట్‌లో ఆడగొంతు వినబడగానే మొదలయ్యే వెకిలి మాటలకు చాలామంది మైకు ఆపేసుకుని ఆడతారు. నలుగురు మాట్లాడుకుని ఆడే ఆటలో మైకు ఆపుకోవడమంటే చేయి కట్టేసుకుని ఆడటమే. ఇంట్లో చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయంతో ఫిర్యాదు కూడా చేయరు. తప్పు చేసినవాడికి కాకుండా చెప్పుకున్న అమ్మాయికి శిక్ష పడుతున్నంతకాలం ఏ నిబంధనా ఆమెను కాపాడలేదు.

రెండోవాళ్లు చిన్నపిల్లలు. 2020 సెప్టెంబరులో పబ్జీ నిషేధం, 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ రాక, 2022 జులైలో బీజీఎంఐ తొలగింపు, 2023 మేలో తిరిగి అనుమతి... ఇన్ని మలుపులు తిరిగిన ఈ ఆటలో 18 ఏళ్లలోపువాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. నాన్న ఫోను, నాన్న వయసుతో ఖాతా తెరిస్తే ఆ పరిమితి పనిచేయదు. పిల్లవాడు ఏ ఆట ఆడుతున్నాడో, ఏ గ్రూపులో ఉన్నాడో అమ్మానాన్నలు కోపం లేకుండా అడిగి తెలుసుకోవాలి. ఫోన్ పగలగొట్టే తండ్రికి బిడ్డ ఏ కష్టమూ చెప్పుకోడు.

ఊరి టోర్నమెంటుకు ఏడు కట్టుబాట్లు

1. నియమాలు తెలుగులో రాసి, ఆటకు కనీసం ఒకరోజు ముందు అన్ని జట్లకూ పంపాలి. సిగ్నలు, కరెంటు పోతే ఏం చేయాలో అందులోనే ఉండాలి.

2. రూమ్ నడిపేవాడు, పాయింట్లు లెక్కేసేవాడు ఏ జట్టులోనూ ఆడకూడదు.

3. ఫైనల్ దశలో ప్రతి ఆటగాడూ స్క్రీన్ రికార్డింగు పెట్టుకోవాలి. రికార్డింగు ఇవ్వనివాడి వాదన చెల్లదు.

4. ఫిర్యాదు జట్టు కెప్టెన్ ఒక్కడే, ఆట ముగిసిన అరగంటలోపు, రాతపూర్వకంగా ఇవ్వాలి. గ్రూపులో తిట్లు ఫిర్యాదు కిందికి రావు.

5. రెండు జట్లకూ సంబంధం లేని ముగ్గురు పేర్లు చెరిపేసిన వీడియో చూసి తీర్పు ఇవ్వాలి. కారణం రెండు వాక్యాల్లోనైనా రాయాలి.

6. ఓడినవాడికి ఒక్కసారి అప్పీలు హక్కు ఉండాలి. దాన్ని మొదటి ముగ్గురు కాక వేరేవాళ్లు వినాలి.

7. కులం, ఊరు, ఇంటి ఆడవాళ్ల పేరెత్తినవాడు ఎంత గొప్ప ఆటగాడైనా అప్పటికప్పుడు బయటికి పోవాలి. తప్పుడు ఫిర్యాదు పెట్టినవాడికీ అదే శిక్ష.

ఈ తరం చేతిలో ఉన్నది

ఈ ఏడింటిలో ఒక్కదానికీ పెద్ద డబ్బు అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా కేంద్రమైన నంద్యాలలో ఇంజినీరింగ్ కాలేజీలు, డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటి పూనుకున్నా, రెండు పట్టణాల నుంచి తటస్థులైన పదిమంది విద్యార్థులకు అంపైరింగ్ నేర్పి, జిల్లాలో జరిగే ప్రతి ఆన్‌లైన్ పోటీకీ పంపవచ్చు. జిల్లా క్రీడాధికారులు, పోలీసులు వెన్నుదన్నుగా నిలవాలి. క్రికెట్‌కు అంపైర్ ఉంటాడు, కబడ్డీకి రెఫరీ ఉంటాడు. లక్షలమంది ఆడే ఆటకు ఎవరూ లేకపోవడం న్యాయం కాదు.

న్యాయమైన ఆట మంచి మనసుల మీద ఆధారపడి నడవదు. ముందే రాసిన నియమం, అందరికీ కనబడే కొలత, ఎవరికీ చెందని తీర్పరి, ఓడినవాడికి మరో అవకాశం... ఈ నాలుగు ఉన్నచోట పగ పెరగడానికి తావుండదు. ఇవి లేకపోవడం వల్లే మన తాతల కాలంలో ఊళ్లు తగలబడ్డాయి. నంద్యాల, ఆళ్లగడ్డ తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, వచ్చే ఆదివారం మీరు రూమ్ తెరిచేముందు నియమాలు రాయండి. మీ జట్టువాడు తప్పు చేస్తే ముందు మీరే చెప్పండి. ఎదుటివాడు ఫిర్యాదు చేస్తే పూర్తిగా వినండి. ఆ తర్వాతే ఆట మొదలుపెట్టండి.